ఇంటి పనిబల్ల మీదికి ఓ కాలిపర్



హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి అర అంగుళం పైపు అడిగి చూడండి. "యూపీవీసీ కావాలా, సీపీవీసీ కావాలా?" అంటాడు షాపాయన. రెండూ ఒక్కో ముక్క తెచ్చుకుని పక్కపక్కన పెడితే ఆశ్చర్యం వేస్తుంది. పేరు రెండింటికీ అర అంగుళమే. యూపీవీసీ పైపు బయటి వ్యాసం మాత్రం 21 మిల్లీమీటర్ల పైచిలుకు. సీపీవీసీ పైపుది 16కి ఓ పిసరు తక్కువ. లెక్క ప్రకారం అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ కొలత ఈ రెండింట్లో దేని బయటా దొరకదు.

ఇందులో షాపాయన మోసం ఏమీ లేదు. పైపులకు అలా పేర్లు పెట్టడం ఎప్పటినుంచో ఉన్న వాడుక. అయితే గోడలో ఉన్న పాత పైపుకు సరిపోయే కప్లింగు తేవాలంటే పేరు చెబితే చాలదు. కొలత తెలియాలి. గుండ్రటి పైపు మీద టేపు కుదురుగా నిలవదు. నిలిచినా, 21 అంటుందో 22 అంటుందో చూసే కంటిని బట్టి మారిపోతుంది.

కాలిపర్ అవసరం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. ఇంట్లో ఓ మూల చిన్న బల్ల వేసుకుని డ్రిల్ మిషను, పానాలు, ఆకురాళ్లు సర్దుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. కుర్చీ కోడు బిగించడం, మిక్సీ బుష్ మార్చడం, త్రీడీ ప్రింటర్ మీద చిన్న భాగాలు తీయడం, ఇవన్నీ అక్కడే. అలాంటి బల్ల మీదికి, జేబుకు భారం కాని కాలిపర్ ఎలా ఎంచుకోవాలి? ఇవాళ్టి ముచ్చట అదే.

ఈ వస్తువు చాలామంది శ్రోతలకు పాత పరిచయమే. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ ల్యాబులో చేతికి వచ్చే తొలి పరికరాల్లో ఇది ఒకటి. ఒక స్టీలు గోళీ, ఒక వెర్నియర్ కాలిపర్, రికార్డు పుస్తకం. ప్రధాన స్కేలు రీడింగు రాయి, వెర్నియర్ మీద కలిసిన గీత చూడు, లీస్ట్ కౌంటుతో గుణించు, రెండూ కలుపు. మార్కులొచ్చాక అందరూ మరిచిపోయిన పాఠం అది. ఇంటి పనిబల్ల దగ్గర మళ్లీ పనికొచ్చేదీ అదే.

ఆ రెండో స్కేలు ఆలోచన ఫ్రాన్సుకు చెందిన పియెర్ వెర్నియర్‌ది. 1631లో ఆయన దాన్ని ప్రచురించాడు. ఆయన మనసులో ఉన్నది బోల్టులూ నట్లూ కావు, కోణాలు కొలిచే పరికరాలు. అది మామూలు మెకానిక్ చేతికి రావడానికి రెండు వందల ఏళ్లకు పైనే పట్టింది. 1851లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో జోసెఫ్ బ్రౌన్ అనే ఆయన అంగుళంలో వెయ్యో వంతు చూపించే వెర్నియర్ కాలిపర్‌ను తయారుచేసి, సాధారణ పనివాడు కొనగలిగే ధరకు అమ్మాడు. అంటే చవకైన కాలిపర్ కోసం వెతుకులాట ఇవాళ్టిది కాదు.

ఇప్పుడు మార్కెట్లో మూడు రకాలు కనిపిస్తాయి. గీతలు చూసి చదివేది వెర్నియర్. గడియారంలా ముల్లు తిరిగేది డయల్. తెర మీద అంకె చూపేది డిజిటల్. మూడింటి శరీరం ఒకటే. బయటి కొలతకు కింద రెండు పెద్ద దవడలు, రంధ్రాల లోపలి కొలతకు పైన రెండు చిన్న దవడలు, లోతు చూడటానికి చివర బయటికి జారే సన్నటి కడ్డీ. తేడా అంతా అంకెను చూపించే పద్ధతిలోనే.

అసలు తికమక కూడా ఆ అంకె దగ్గరే.

ఏ ఆన్‌లైన్ షాపులో చూసినా చవక డిజిటల్ కాలిపర్ బొమ్మ పక్కన 0.01 మిల్లీమీటరు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పక్కనే మామూలు వెర్నియర్. దాని మీద 0.02 అనో 0.05 అనో రాసి ఉంటుంది. కొనేవాడికి సహజంగానే మొదటిదే మేలనిపిస్తుంది. కానీ 0.01 అన్నది తెర ఎంత చిన్న తేడా చూపగలదో చెప్పే అంకె. ఆ చూపింది ఎంతవరకు నిజమో చెప్పే అంకె వేరే ఉంటుంది. సెకన్ల ముల్లున్న గడియారం ఐదు నిమిషాలు వెనక నడిస్తే, సెకన్లు కనిపిస్తున్నాయి కదా అని దాన్ని నమ్మి రైలెక్కలేరు కదా. ఇదీ అంతే.

డబ్బాలో వచ్చే కాగితం తిప్పి చదివితే రెండో అంకె బయటపడుతుంది. పేరున్న జపాన్ కంపెనీ మిటుటోయో సైతం తన 150 మిల్లీమీటర్ల డిజిటల్ కాలిపర్‌కు ఇచ్చే హామీ 0.02 మిల్లీమీటరు అటూ ఇటూ. తెర మీద కనిపించేది మాత్రం 0.01. చవక రకాలు చాలావరకు 0.03 అటూ ఇటూ అని తామే రాసుకుంటాయి. కాబట్టి గుర్తుంచుకోండి. తెర చూపే తేడా ఒకటి, కొలతలోని నిజం ఒకటి. ఈ రెండూ ఒకటి కావు.

ఈ 0.02 ఎంతో చేతికి తెలియాలంటే ఒక జెరాక్స్ కాగితం చాలు. దాని మందం సుమారు 0.1 మిల్లీమీటరు. అందులో ఐదో వంతు 0.02. కుర్చీ కోడుకు, పైపు కప్లింగుకు, ప్లైవుడ్ గాడికి అంత తేడా లెక్కలోకే రాదు. బేరింగు కూర్చునే షాఫ్టు దగ్గర మాత్రం వస్తుంది. ముందు తేల్చుకోవలసింది చేసే పని ఈ రెంటిలో ఏదన్నది.

మరి కొలతలోని నిజం ఎక్కడుంటుంది? దవడల్లో. అవి ఎంత నున్నగా, ఎంత సమానంగా కలుస్తున్నాయి, కదిలే దవడ పట్టీ మీద ఎంత బిగువుగా, ఎంత మెత్తగా జారుతోంది అన్నదాంట్లో. డబ్బు పెట్టవలసింది అక్కడ. షాపులో చూడవలసిందీ అక్కడే.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్ దగ్గరి టూల్స్ షాపులోనో కౌంటరు ముందు నిలబడి కొంటున్నారనుకోండి. చేతిలోకి తీసుకోగానే దవడలు రెండూ మెత్తటి గుడ్డతో తుడవండి. మూసి, ట్యూబులైటు వైపు ఎత్తి పట్టుకోండి. దవడల మధ్య మొదటినుంచి చివరిదాకా వెలుతురు కనిపించకూడదు. చివర సన్నటి గీతలా వెలుగు వస్తోందంటే దవడలు వంకరగా ఉన్నాయన్న మాట. కాగితం మందంలో పదో వంతు సందు ఉన్నా కంటికి దొరికిపోతుంది. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు, కన్ను చాలు.

తర్వాత సున్నా చూడండి. మూసినప్పుడు సున్నా రావాలి. దవడను చివరిదాకా లాగి మళ్లీ మూయండి. మళ్లీ సున్నాయే రావాలి. నాలుగైదు సార్లు అలా చేయండి. ఒకసారి సున్నా, ఒకసారి 0.03, ఇంకోసారి 0.05 చూపించేదాన్ని అక్కడే వదిలేయండి. ఎప్పుడూ ఒకేలా 0.04 చూపిస్తే అది ఇంటర్ ల్యాబులో చెప్పిన శూన్యదోషం, కొలతలోంచి తీసేసుకోవచ్చు. పూటకో మాట చెప్పేదాన్ని మాత్రం సవరించలేరు.

ఇక దవడను వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. జారుతూ ఉండాలి, ఊగకూడదు. మధ్యలో ఎక్కడా పట్టేయకూడదు. పైఅంచున రెండు బుల్లి స్క్రూలు ఉంటే సంతోషం. వాడుకలో వదులైనప్పుడు వాటితో బిగించుకోవచ్చు.

ఇంకో పరీక్ష ఉంది. దీనికి ఒక కొత్త బేరింగు కావాలి. సీలింగ్ ఫ్యాన్లలో, చిన్న మోటార్లలో తరచూ కనిపించే 6202 బేరింగు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. మంచి కంపెనీది తీసుకోండి. దాని బయటి వ్యాసం 35 మిల్లీమీటర్లు. తయారీలో దానికి ఇచ్చే సడలింపు నూరో వంతు మిల్లీమీటరు చిల్లర, అదీ తగ్గడానికే తప్ప పెరగడానికి లేదు. అంటే ఇంట్లో దొరికే అతి కచ్చితమైన వస్తువుల్లో ఇది ఒకటి. కాలిపర్‌తో కొలిస్తే 34.97 నుంచి 35.02 లోపు ఏది వచ్చినా చవక కాలిపర్ బుద్ధిగానే ఉన్నట్టు. 34.9 వచ్చిందంటే ఆ కాలిపర్ వద్దు. మళ్లీ చెబుతున్నాం, 6202 బేరింగు, బయటి వ్యాసం 35. దాని వెడల్పు 11 మిల్లీమీటర్లని పుస్తకాల్లో ఉంటుంది గానీ, వెడల్పుకు సడలింపు చాలా ఎక్కువ. పరీక్షకు ఆ కొలత పనికిరాదు.

అదే బేరింగును రెండు చోట్ల కొలవండి. ఒకసారి దవడల మొదట్లో, పట్టీకి దగ్గరగా. ఇంకోసారి దవడల కొసన. రెండు రీడింగులూ ఒకటే రావాలి. కొసన తేడా వస్తే దవడ వాలిపోతోందని అర్థం. దీని వెనక ఓ సూత్రం ఉంది. 1890లో జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బే దాన్ని చెప్పాడు. కొలిచే వస్తువు, స్కేలు ఒకే గీత మీద ఉంటే పొరపాటు తక్కువ. కాలిపర్‌లో అలా ఉండదు. స్కేలు పైన పట్టీ మీద ఉంటుంది, వస్తువు కింద దవడల మధ్య ఉంటుంది. వస్తువు పట్టీకి ఎంత దూరం జరిగితే తప్పు అంత పెరుగుతుంది. అందుకే ఎంత ఖరీదైన కాలిపర్‌తోనైనా, వస్తువును దవడల కొసన పట్టుకోకుండా లోపలికి జరిపి కొలవడం అలవాటు చేసుకోవాలి.

ఇప్పుడు మూడు రకాల్లో ఏది అన్న ప్రశ్న.

వెర్నియర్‌కు బ్యాటరీ అక్కర్లేదు. నూనె పడినా, రజను పడినా తుడిస్తే సరి. జాగ్రత్తగా వాడితే కొడుకుల కాలానికీ పనికొస్తుంది. చిక్కల్లా చదవడంలోనే. ఓ ఉదాహరణ తీసుకుందాం. 13 నంబరు పానా పట్టే ఎం8 బోల్టు మర కొలుస్తున్నారు. కింది స్కేలు సున్నా, పైన 7 దాటి ఆగింది. కింది స్కేలు మీద 8 అంకె దాటాక నాలుగో చిన్న గీత పైగీతతో సూటిగా కలిసింది. ఒక్కో చిన్న గీత 0.02 కనుక, కొలత 7.88 మిల్లీమీటర్లు. ఎం8 అన్నారు కదా, 8 రాలేదేమని కంగారు పడక్కర్లేదు. బోల్టు మర నట్టులో తిరగాలి కాబట్టి 8కి కాస్త తక్కువగానే చేస్తారు. పది రోజులు వాడితే ఈ చదువు చేతికి వచ్చేస్తుంది. కాకపోతే నలభై దాటిన కళ్లకు ఆ గీతలు పరీక్షే. భూతద్దం, మంచి వెలుతురు పక్కన పెట్టుకోవాలి. చూపు సూటిగా పడాలి, ఏటవాలుగా చూస్తే పక్క గీత కలిసినట్టు కనిపిస్తుంది.

డిజిటల్‌లో ఆ బాధ లేదు. పైగా ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఎక్కడ కావాలంటే అక్కడ సున్నా చేసుకోవచ్చు. ఒక రేకుకు ఒకే సైజు రంధ్రాలు రెండున్నాయి, వాటి నడిబొడ్డుల మధ్య దూరం కావాలి. చిన్న దవడలతో ఒక రంధ్రం వ్యాసం కొలిచి, అక్కడ సున్నా నొక్కండి. తర్వాత ఒక దవడను మొదటి రంధ్రం బయటి అంచుకు, రెండోదాన్ని రెండో రంధ్రం బయటి అంచుకు ఆనించండి. తెర మీద వచ్చేదే మధ్య దూరం. కూడికలూ తీసివేతలూ ఏమీ లేవు. వెర్నియర్‌తో ఇదే పనికి కాగితం, పెన్సిలు తీయాలి.

డిజిటల్‌తో చిక్కు బ్యాటరీ. చవక రకాల్లో ఆఫ్ చేసినా తెర మాత్రమే ఆరిపోతుంది, లోపలి సర్క్యూట్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. నెలల తరబడి డబ్బాలో పడి ఉన్నదాన్ని అవసరానికి తీస్తే తెర మిణుకుమిణుకుమంటుంది. వాడని రోజుల్లో బటన్ సెల్ తీసి పక్కన పెట్టేయడం మంచి అలవాటు. సెల్ కొనేటప్పుడు ఎల్‌ఆర్44 బదులు ఎస్‌ఆర్44 అడగండి. సైజు ఒకటే. ఎస్‌ఆర్ రకం సిల్వర్ ఆక్సైడ్‌ది. ధర కొంచెం ఎక్కువ, కానీ చివరిదాకా వోల్టేజీ దాదాపు ఒకేలా నిలబడుతుంది. ఇంకో మాట. పట్టీ మీద తడి గానీ, నూనె గానీ చేరితే చవక డిజిటల్ అంకెలు తడబడతాయి. లేతు మీద కటింగ్ ఆయిల్‌తో పనిచేసేవాళ్లు ఇది మరిచిపోకూడదు.

డయల్ రకం చదవడానికి హాయి, బ్యాటరీ గొడవ లేదు. కానీ దాని లోపల సన్నటి పళ్లపట్టీ ఉంటుంది. ఒక్క ఇనుప రజను అందులో ఇరుక్కుంటే ముల్లు ఒక పన్ను దాటి కూర్చుంటుంది. ఆకురాయి రాపిడి ఎక్కువగా ఉండే బల్ల మీద ఇది అంత మంచిది కాదు.

ప్లాస్టిక్ శరీరంతో వచ్చే డిజిటల్ రకాలు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. కార్బన్ ఫైబర్ అని రాసి ఉంటుంది. గట్టిగా నొక్కితే దవడలు వంగుతాయి, అంకె మారిపోతుంది. అయినా వాటిని తీసిపారేయక్కర్లేదు. త్రీడీ ప్రింటర్ వైరు 1.75 మిల్లీమీటర్లు ఉందో లేదో చూడటానికి, చెక్కపనికి, పిల్లల సైన్సు ప్రాజెక్టుకు సరిపోతాయి. 

ఇనుముతో పనిచేసేవాళ్లకు మాత్రం స్టీలుదే కావాలి. స్టీలు డిజిటల్ వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. మంచి స్టీలు వెర్నియర్ కూడా ఇంచుమించు ఆ ధరలోనే. పేరున్న కంపెనీ డిజిటల్ అయితే ఇంకా కొన్ని వేలు ఎక్కువ. ఆ పెద్ద పేరుతో సగానికి సగం ధరకు ఎక్కడైనా కనిపిస్తే అనుమానించండి, నకిలీలు చాలానే తిరుగుతున్నాయి. ఇంటి పనికి ఆ స్థాయి అక్కర్లేదు కూడా. వెలుతురు పరీక్ష, సున్నా పరీక్ష, బేరింగు పరీక్ష, ఈ మూడూ దాటిన మధ్యరకం స్టీలు కాలిపర్ చాలు. ఆన్‌లైన్‌లో కొంటే పార్సిలు వచ్చిన రోజే ఈ మూడూ చేయండి. వాపసు గడువు దాటాక చేసి లాభం లేదు.

సైజు విషయంలో ఆలోచించే పనే లేదు. 150 మిల్లీమీటర్లది, అంటే ఆరంగుళాలది. 200, 300 రకాలు బరువు, ఒంటిచేత్తో పట్టుకోవడం కష్టం.

కొలిచేటప్పుడు రెండు సంగతులు. చిన్న రంధ్రాల్లో, మూడు నాలుగు మిల్లీమీటర్ల లోపు వాటిలో, పై దవడల అంచు వెడల్పు అడ్డొచ్చి అసలు కంటే తక్కువ చూపిస్తుంది. అలాంటి చోట కొత్త డ్రిల్ బిట్ల కాడలే కొలమానాలు. 3.5 దూరి 3.6 దూరకపోతే రంధ్రం ఎంతో తెలిసిపోయినట్టే. రెండోది వేడి. లోకమంతటా కొలతలకు ప్రమాణం 20 డిగ్రీల ఉష్ణోగ్రత. మన రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెలలో రేకుల షెడ్డు కింద 40 దాటుతుంది. ఆ వేడికి 100 మిల్లీమీటర్ల స్టీలు ముక్క సుమారు 0.02 పెరుగుతుంది. స్టీలు కాలిపర్ కూడా అంతే పెరుగుతుంది కాబట్టి స్టీలును కొలిస్తే బాధ లేదు. అల్యూమినియం అయితే రెట్టింపు పెరుగుతుంది, తేడా పడుతుంది. గ్రైండర్ మీంచి తీసిన ముక్క ఏదైనా సరే, చల్లారనిచ్చి కొలవాలి. తిరుగుతున్న లేతు మీద కొలిచే ప్రయత్నం ఎన్నడూ చేయకండి. దవడలు అరగడం ఒక నష్టం, చేయి పోవడం ఇంకో నష్టం.

ఎంత మంచి కాలిపర్ అయినా దానికీ హద్దుంది. బేరింగు బిగువుగా దిగే షాఫ్టు, మోటారు వైండింగు వైరు, ఇలాంటి చోట నూరో వంతు మిల్లీమీటరు నమ్మకంగా కావాలి. ఆ పనికి 0 నుంచి 25 మిల్లీమీటర్ల మైక్రోమీటరు వేరే కొనుక్కోవాలి. అందులో వస్తువు, స్కేలు ఒకే గీత మీద ఉంటాయి. అబ్బే చెప్పిన సూత్రానికి అది సరిగ్గా సరిపోతుంది.

కొన్న రోజున 6202 బేరింగు రీడింగును తేదీతో సహా కాలిపర్ డబ్బా మూత మీద రాసి పెట్టండి. వాడాక తుడిచి, పలచగా మిషన్ ఆయిల్ రాసి, దవడలు కొద్దిగా తెరిచి ఉంచి డబ్బాలో పెట్టండి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఈ నూనె తప్పనిసరి. మూడు నెలలకోసారి అదే బేరింగును మళ్లీ కొలవండి. రీడింగు 0.05 దాకా మారితే ముందు దవడలు తుడిచి, పైఅంచు స్క్రూలు కొద్దిగా బిగించి, మళ్లీ చూడండి. అప్పటికీ దారికి రాకపోతే దాన్ని చెక్కపనికి కేటాయించి, ఇనుప పనికి ఇంకోటి తీసుకోండి.